సిగరెట్ మానేందుకు ఈ-సిగరెట్ మొదలుపెట్టాలనుకుంటున్నాను: పరికరం, నికోటిన్ మోతాదు, ఇండియా ప్రయాణం గురించి సలహా కావాలి

గౌతమీతీరం (లెస్టర్, బ్రిటన్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. సొంతూరు రాజమహేంద్రవరం. తొమ్మిదేళ్లుగా లెస్టర్‌లో ఉంటూ ఒక గోదాములో, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో, పనిచేస్తున్నాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో స్నేహితుల మధ్య మొదలైన సిగరెట్ అలవాటు ఇప్పుడు రోజుకు పదిహేను దగ్గర నిలిచింది. నిద్ర లేచిన పది నిమిషాల్లోపు మొదటిది వెలిగించకపోతే ఏ పనీ తోచదు.

ఇప్పటికి రెండుసార్లు మానాలని ప్రయత్నించాను. మొదటిసారి నికోటిన్ గమ్ కొని నమిలితే గొంతు మండి, వెక్కిళ్లు వచ్చి, నాలుగో రోజుకే వదిలేశాను. రెండోసారి పెట్రోలు బంకులో వాడి పారేసే రకం వేప్ (ఈ-సిగరెట్) కొని మూడు వారాలు వాడాను గానీ, పని మధ్యలో విరామం దొరికినప్పుడల్లా అందరితోపాటు బయటికి వెళ్లి సిగరెట్ కాల్చడం మానలేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు వారాల్లో నా అలవాటు ఒకటి తగ్గకపోగా రెండోది వచ్చి చేరింది.

ఇప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. నేను ఎత్తుకోబోతే ముఖం పక్కకు తిప్పుకుంటోంది. ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాలని వేప్ దుకాణానికి వెళితే అక్కడి సీసాల మీద 3, 6, 10, 20 అని ఒక లెక్క, 50/50, 70/30 అని మరొక లెక్క, కాయిల్ మీద ఓమ్‌ల లెక్క, వీటికి తోడు సాల్ట్ అనే మాట కనిపించి, ఏది దేనికో అర్థంకాక ఏమీ కొనకుండానే తిరిగి వచ్చాను. నా వంటివాడు ఎటువంటి పరికరంతో, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో, ఇది సిగరెట్ కన్నా నిజంగా తక్కువ హానికరమో కాదో తెలిసినవారు వివరంగా చెప్పగలరు. పైగా ఫిబ్రవరిలో మా చెల్లెలి పెళ్లికి ఐదు వారాలు ఇంటికి వెళుతున్నాను. ఇండియాలో వీటిని నిషేధించారని విన్నాను. ఆ ఐదు వారాలు ఏం చేయాలన్నది నాకున్న అతి పెద్ద దిగులు.

ఔషధశాల (బర్మింగ్‌హామ్) సమాధానం:

గౌతమీతీరం గారూ, నేను ఫార్మసిస్టును. పొగ మాన్పించే సేవల్లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మీరు రాసిన వాటిలో నా దృష్టి ముందుగా ఆగింది రోజుకు పదిహేను అన్న సంఖ్య దగ్గర కాదు, నిద్ర లేచిన పది నిమిషాల్లోపు అన్న మాట దగ్గర. రాత్రంతా నికోటిన్ అందని శరీరం లేవగానే దాన్ని ఎంత తొందరగా అడుగుతుందో, ఆ వ్యసనం అంత గట్టిదని మేము లెక్క వేస్తాము. అందువల్ల మీకు తక్కువ మోతాదు పనికిరాదు.

ఇక్కడ అమ్మే ద్రవంలో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. కన్నా ఎక్కువ నికోటిన్ ఉండకూడదని, ట్యాంకు 2 మి.లీ. మించకూడదని, నికోటిన్ కలిసిన సీసా 10 మి.లీ. దాటకూడదని 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మీరు ఆ 20 దగ్గరే మొదలుపెట్టండి, అది కూడా సాల్ట్ రకం తీసుకోండి. మామూలు నికోటిన్ ఆ మోతాదులో గొంతును గీరినట్టు ఉంటుంది. సాల్ట్ రకంలో బెంజోయిక్ ఆమ్లం వంటిది కలిపి ఆ ఘాటును తగ్గిస్తారు కాబట్టి దమ్ము నిదానంగా లాగగలుగుతారు. భయపడి 3 తోనో 6 తోనో మొదలుపెట్టినవారు రోజంతా దాన్ని నోట్లోంచి తీయకుండా పీల్చి, అయినా యావ తీరక, సాయంత్రానికి సిగరెట్ దుకాణం ముందు నిలబడడం నేను ఎన్నోసార్లు చూశాను.

అయితే మీరు వాడి పారేసిన రకంలో కూడా చాలావరకు 20 మి.గ్రా. మోతాదే ఉండేది. కాబట్టి మీ రెండో ప్రయత్నం చెడింది మోతాదు చాలక కాకపోవచ్చు. సిగరెట్‌ను పక్కన అలాగే ఉంచుకోవడం వల్ల చెడి ఉంటుంది. వేప్ వాడుతూ పదిహేను సిగరెట్లను ఐదుకు తగ్గించుకుంటే మూడింట రెండు వంతుల హాని తగ్గినట్టేనని అనుకోవడం సహజం, కానీ గుండె విషయంలో ఆ లెక్క పనిచేయదు. రోజుకు ఒకటి రెండు సిగరెట్లు కూడా గుండెకు చాలా భారమే. కాబట్టి ఒక రోజు నిర్ణయించుకుని, ఆ రోజు ఉదయం మొదటి దమ్ము నుంచే వేప్ మాత్రమే వాడండి. ముందు రోజు రాత్రి పెట్టె, లైటరు, కారులోని బూడిద గిన్నె అన్నీ ఇంట్లో నుంచి బయటికి పోవాలి.

ఇది తక్కువ హానికరమా అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో నిజాయితీగా జవాబు చెబుతాను. సిగరెట్‌లో మనిషిని కట్టిపడేసేది నికోటిన్ అయినా, చంపేది ప్రధానంగా పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల సంఖ్యలోని ఇతర రసాయనాలు. వేప్‌లో ఏదీ కాలదు. బ్యాటరీ కాయిల్ అనే ఒక సన్నని తీగచుట్టను వేడిచేస్తే, దాని చుట్టూ ఉన్న దూది పీల్చుకున్న ద్రవం ఆవిరిగా మారుతుంది. ఆ ద్రవంలో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపినవి. అందుకే ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో ఇది సిగరెట్ కన్నా దాదాపు 95 శాతం తక్కువ హానికరమని ప్రకటించింది. ఆ సంఖ్య కొలిచి తేల్చినది కాదు, నిపుణులు కూర్చుని వేసిన అంచనా. దాన్ని అలాగే తీసుకోవాలి. ముప్పై నలభై ఏళ్లు వేప్ వాడినవారు ఇంకా లోకంలో లేరు కనుక, దీర్ఘకాలంలో ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. సిగరెట్ కన్నా హాని చాలా తక్కువ, శుభ్రమైన గాలి కన్నా ఎక్కువ అన్నంతవరకు మాత్రం ధైర్యంగా చెప్పగలను.

పనిచేస్తుందా అంటే, ఇక్కడి పొగ మాన్పించే కేంద్రాల్లోనే 886 మందిపై జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఏడాది తరువాత చూస్తే ఈ-సిగరెట్ ఇచ్చినవారిలో 18 శాతం మంది, ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ), గమ్ వంటివి ఇచ్చినవారిలో 9.9 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. అంటే దాదాపు రెట్టింపు. కానీ అదే పరీక్షలో, వేప్‌తో మానినవారిలో 80 శాతం మంది ఏడాది గడిచినా వేప్ వాడుతూనే ఉన్నారు. ఈ రెండో సంఖ్యను దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించినట్టే ఎలా ఆపాలో కూడా ఇప్పటి నుంచే ఆలోచించి పెట్టుకోండి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. సిగరెట్ పొగ మన కాలేయంలోని ఒక ఎంజైమును ఉత్తేజపరచి కాఫీలోని కెఫీన్‌ను, కొన్ని మందులను త్వరగా కరిగించేస్తుంది. ఆ పని చేసేది నికోటిన్ కాదు, పొగే. పొగ మానగానే ఆ వేగం తగ్గి, రోజూ తాగే నాలుగు కాఫీలే ఎక్కువై గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. అవి సిగరెట్ మానడం వల్ల వచ్చిన బాధలనుకుని మళ్లీ వెలిగించేవారు ఉన్నారు. మొదటి వారం కాఫీని సగానికి తగ్గించండి. ఆస్తమాకు థియోఫిలిన్ గానీ, మానసిక వైద్యంలో క్లోజపిన్, ఒలాంజపిన్ గానీ వాడేవారెవరైనా ఇది చదువుతుంటే, మానే ముందే మీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మోతాదు మార్చవలసి రావచ్చు.

మీ గమ్ సంగతి కూడా రాస్తాను, పెళ్లికి వెళ్లినప్పుడు అవసరం పడుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ అంతా ఒక్కసారిగా ఊరి, లాలాజలంతో కడుపులోకి పోయి, మీరు చెప్పిన మంట, వెక్కిళ్లు వస్తాయి. నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. నమిలే ముందు పావుగంట పాటు కాఫీ, నిమ్మరసం వంటి పుల్లని పానీయాలు తాగకూడదు, ఎందుకంటే నోటిలో పులుపు ఉంటే నికోటిన్ లోపలికి ఇంకదు. అంటే గమ్ మీకు పడలేదని ఇప్పుడే తీర్మానించుకోనవసరం లేదు.

విశాఖవాసి (రెడింగ్) సమాధానం:

గౌతమీతీరం గారూ, నేను డాక్టరును కాను. పద్దెనిమిదేళ్లు రోజుకో పెట్టె కాల్చి, వేప్ సాయంతో మాని, ఆ తరువాత వేప్ కూడా వదిలేసి రెండేళ్లయిన మనిషిని. ఫార్మసిస్టు గారు చెప్పిన దానికి చేతిలో పరికరం పట్టుకున్నప్పుడు ఎదురయ్యే సంగతులు కొన్ని కలుపుతాను.

వాడి పారేసే రకాలను బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి అమ్మకూడదన్నారు కాబట్టి, మీకు కావలసింది మళ్లీ ఛార్జ్ చేసుకుని, మళ్లీ ద్రవం నింపుకునే చిన్న పాడ్ పరికరం (ద్రవం పోసుకునే చిన్న తొట్టిని పాడ్ అంటారు). మీటలు, తెరలు, వాట్లు మార్చుకునే సదుపాయాలు ఉన్న పెద్ద పరికరాలను దుకాణంవారు ఎంత పొగిడినా వద్దనండి. ఓమ్‌ల లెక్క మొత్తం మీకు అవసరం లేదు, ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 0.8 నుంచి 1.2 ఓమ్‌ల మధ్య ఉన్న కాయిల్ సిగరెట్‌లా బిగువుగా, ముందు నోట్లోకి, తరువాత ఊపిరితిత్తుల్లోకి లాగే పద్ధతికి సరిపోతుంది. అంతకన్నా బాగా తక్కువ ఓమ్‌లవి మేఘాల్లాంటి ఆవిరి వదలడానికి చేసినవి. వాటిలో 20 మి.గ్రా. ద్రవం పోస్తే తల తిరిగి వాంతి అవుతుంది.

50/50, 70/30 అన్నవి గ్లిజరిన్‌కూ ప్రొపిలీన్ గ్లైకాల్‌కూ ఉన్న పాళ్లు. గ్లిజరిన్ ఎక్కువైతే ద్రవం తేనెలా చిక్కబడుతుంది, పాడ్‌లోని చిన్న దూదిలోకి దిగదు, దిగకపోతే దూది మాడుతుంది. మీకు 50/50 సరిపోతుంది. పెద్ద సీసాలు చవకగా కనిపిస్తాయి గానీ, అవి సాధారణంగా నికోటిన్ లేకుండా 70/30 పాళ్లలో పెద్ద పరికరాల కోసం నింపినవి. నేను మొదటి నెల అదే పొరపాటు చేసి, నికోటిన్ లేని ద్రవాన్ని మాడిన దూదితో పీల్చి, వేప్‌లు పనికిరావని అందరికీ చెప్పి తిరిగాను.

కొత్త పాడ్ గానీ కాయిల్ గానీ వేసినప్పుడు ద్రవం నింపి కనీసం పది నిమిషాలు ఆగండి. దూది పూర్తిగా తడవకముందే లాగితే ఒక్క దమ్ముకే అది మాడిపోతుంది, ఆ మాడు వాసన ఆ కాయిల్ ఉన్నంతకాలం పోదు. ట్యాంకు అడుగంటే దాకా ఆగకుండా పావు వంతు ఉండగానే నింపుకోండి. రుచి మారినా, మాడు వాసన తగిలినా, వారమైనా రెండు వారాలైనా లెక్క చూడకుండా కాయిల్ మార్చండి. సిగరెట్‌ను లాగినట్టు గట్టిగా, గబగబా లాగకండి. మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా లాగి వదలండి. మొదటి రెండు మూడు రోజులు దగ్గు వస్తుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. దగ్గు వచ్చిందని వదిలేయకండి, కానీ తలనొప్పి, వికారం, గుండె దడ వస్తే మాత్రం మోతాదు ఎక్కువైందని గ్రహించి కాసేపు ఆపండి.

సిగరెట్‌కు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. ఐదు నిమిషాల్లో అది అయిపోతుంది, మనసు కూడా అయిపోయిందని ఒప్పుకుంటుంది. వేప్‌కు చివర లేదు. పైగా వేప్‌లో నికోటిన్ రక్తంలోకి సిగరెట్ అంత వేగంగా ఎక్కదు. అందువల్ల మొదటి వారాల్లో రెండు మూడు దమ్ములు లాగి, పక్కన పెట్టి, మళ్లీ యావ పుట్టినప్పుడు తీసుకోవడం మంచిది. తరువాత తరువాత దీన్ని మంచం పక్కకు, వంటింట్లోకి రానివ్వకుండా, సిగరెట్ కాల్చడానికి వెళ్లిన బాల్కనీకే వెళ్లి వాడడం నాకు ఉపయోగపడింది. అలా కట్టడి చేసుకోని స్నేహితులు కొందరు నిద్రలో మెలకువ వచ్చినా దిండు కింద వెతుక్కునే స్థితికి వచ్చారు. నేను 20 నుంచి 10కి, 10 నుంచి 6కి, 6 నుంచి 3కి దిగడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సిగరెట్ యావ పూర్తిగా చచ్చిందని నమ్మకం కుదిరేదాకా మోతాదు తగ్గించలేదు. ఈ విషయంలో తొందరపడి వెనక్కి వెళ్లడం కన్నా ఆలస్యంగా దిగడం మేలని ఇప్పటికీ అనుకుంటాను.

మీకు చిన్న అమ్మాయి ఉందన్నారు కనుక ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ 10 మి.లీ. సీసాలో పసిపిల్లల ప్రాణానికి ముప్పు తెచ్చేంత నికోటిన్ ఉంటుంది, దానికి పండ్ల వాసన కూడా ఉంటుంది. మూత పిల్లలు తెరవలేనిదే అయినా, అందని ఎత్తులో తాళం వేసి ఉంచండి. చేతికి ఒలికితే వెంటనే కడుక్కోండి. పాత పాడ్‌లను, బ్యాటరీ పరికరాలను చెత్తబుట్టలో వేయకుండా, కొన్న దుకాణంలోనే తిరిగి ఇవ్వండి.

నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. మాది శ్రీకాకుళం వైపు ఊరు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట పీల్చడం మా ప్రాంతంలో ఆడవాళ్లలో ఎక్కువగా ఉండేది, తెలియనివారికి చెబితే నమ్మరు. పొలంలో రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట ఆరేది కాదు. ఆమె అంగిలి మీద తెల్లగా మందంగా ఏర్పడిన పొరను పెద్దవాళ్లందరికీ ఉండేదే అనుకున్నాము. అది పుండుగా మారి, అంగిలి కేన్సర్ అని తేలేనాటికి ఆమె గంజి కూడా మింగలేకపోయింది. కాలే పొగ నుంచి ఒక మనిషిని ఏ దారిలో బయటికి లాగగలిగినా నాకు అది మంచి దారే.

కృష్ణలంక (లండన్) ప్రశ్న:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. నేను ఎం.ఎస్. చదువుతున్నాను, ఎన్నడూ సిగరెట్ తాగలేదు. మా ఇంట్లో ఉండే ముగ్గురు అమ్మాయిలూ పుచ్చకాయ, మామిడి రుచుల వేప్‌లు వాడుతున్నారు. హాని ఇంత తక్కువైతే, చదువు ఒత్తిడికి అప్పుడప్పుడు వాడితే తప్పేమైనా ఉందా?

ఔషధశాల సమాధానం:

అమ్మా, దయచేసి మొదలుపెట్టకండి. పైన మేము చెప్పిన తక్కువ హాని అంతా కాలే సిగరెట్‌తో పోల్చి చెప్పినది. మీరు పోల్చుకోవలసింది మీ ఊపిరితిత్తుల్లోకి ఇప్పుడు వెళుతున్న మామూలు గాలితో. నికోటిన్ ఒత్తిడిని తగ్గించదు. అలవాటైన తరువాత, అది అందని గంటల్లో కొత్త ఒత్తిడిని పుట్టించి, అందినప్పుడు దాన్ని మాత్రమే తగ్గిస్తుంది. సిగరెట్ తాగనివారు వేప్ మొదలుపెట్టకూడదనే ఇక్కడి ఆరోగ్య సేవలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి.

పాలమూరు డాక్టరు (హైదరాబాద్) సమాధానం:

నేను ఛాతీ వైద్యుణ్ణి. ఫార్మసిస్టు గారు ఆ అమ్మాయికి చెప్పిన జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మిగిలిన విషయంలో మాత్రం ఇక్కడి నుంచి చూస్తే దృశ్యం కొంత వేరుగా ఉంటుందని చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ-సిగరెట్‌ను పొగ మానే సాధనంగా సిఫారసు చేయడం లేదు. మన ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) 2019 మే నెలలో వీటిని పూర్తిగా నిషేధించాలని శ్వేతపత్రం ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, ఆ తరువాత పార్లమెంటు చట్టం వచ్చాయి. బ్రిటన్‌లో పొగ తాగేవారికి సలహా ఇచ్చే కేంద్రాలు, సీసాలో ఏముందో నమోదు చేయించే వ్యవస్థ ఉన్నాయి కాబట్టి అక్కడి విధానం అక్కడ అర్థవంతం కావచ్చు. పాఠశాల సంచుల్లో పెన్‌డ్రైవ్‌లాంటి వేప్‌లు దొరుకుతున్న ఊళ్లో కూర్చున్న నాకు మొదట కనిపించేది ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లవాడు.

గౌతమీతీరం గారూ, మీ ప్రయాణం గురించి సూటిగా చెబుతాను. ఆ చట్టం ప్రకారం ఇండియాలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు నిషిద్ధం. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినందుకు వేరే శిక్ష ఉంది. సొంతానికి ఒక్కటే కదా అని శంషాబాద్‌లో దిగి కస్టమ్స్ అధికారితో వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. పరికరం, ద్రవం రెండూ లెస్టర్‌లోనే వదిలి రండి. సింగపూర్ మీదుగా వస్తే మరీ జాగ్రత్త, అక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇక్కడికి వచ్చాక యావ పుట్టి, ఎవరో స్నేహితుడు దొంగచాటుగా దొరికే వేప్ తెచ్చిస్తానంటే అస్సలు ఒప్పుకోకండి. 2019లో అమెరికాలో వేప్ వాడినవారికి ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతిన్న సంఘటనలు మీకు గుర్తుండే ఉంటాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు, మరణించినవారు 68 మంది. అవి దుకాణంలో అమ్మే నికోటిన్ ద్రవాల వల్ల కాక, ప్రధానంగా దొంగ సరుకుగా వచ్చిన గంజాయి సారపు ద్రవాల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ వల్ల జరిగాయని తరువాత తేలింది. లోపల ఏముందో ఎవరికీ తెలియని సరుకు పీల్చడమే అక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది, ఇక్కడ దొరికేది కూడా అటువంటి సరుకే.

ఐదు వారాలకు మీకు కావలసింది ప్యాచ్, దానితోపాటు గమ్. రోజుకు పది కన్నా ఎక్కువ కాల్చినవారికి సాధారణంగా 21 మి.గ్రా. ప్యాచ్‌తో మొదలుపెడతాము. అది రోజంతా నిలకడగా నికోటిన్ ఇస్తుంది, పెళ్లిలో పాత స్నేహితులు సిగరెట్ వెలిగించినప్పుడు పుట్టే హఠాత్తు యావకు గమ్ నోట్లో పెట్టుకోవచ్చు. ఒకేసారి రెండూ వాడవచ్చునా అని చాలామంది భయపడతారు. వాడవచ్చు, ఒక్కటే వాడడం కన్నా అది మెరుగు. ప్యాచ్‌లు అక్కడి నుంచే తెచ్చుకోండి. 2 మి.గ్రా. గమ్ ఇక్కడి మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. మాట సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. గుండె జబ్బు, రక్తపోటు ఏవైనా ఉంటే మాత్రం ఇవన్నీ మొదలుపెట్టే ముందే మీ డాక్టరుకు చూపించుకోండి.

నా వరకైతే, మీరు ఆ ఐదు వారాలను వేప్ నుంచి కూడా బయటపడే అవకాశంగా తీసుకుంటారని ఆశ.

విశాఖవాసి:

డాక్టరు గారూ, పిల్లల గురించి మీరు చెప్పింది కాదనలేను. కానీ సిగరెట్, బీడీ ప్రతి కిళ్లీ కొట్టులో దొరుకుతూ, వాటికన్నా తక్కువ హాని చేసేది మాత్రమే నిషిద్ధమైతే, పద్దెనిమిదేళ్లు కాల్చిన నా వంటివాడికి అక్కడ ఒక తలుపు మూసినట్టే కదా?

పాలమూరు డాక్టరు:

మీ బాధ న్యాయమైనదే. అయితే ఆ తలుపు ఒక్కటే లేదు. ప్యాచ్, గమ్, వరెనిక్లిన్ వంటి మందులు ఇక్కడ ఉన్నాయి. వాటిని అడిగేవారు, వాటి గురించి ఓపికగా చెప్పేవారు తక్కువగా ఉండడమే మా అసలు లోటు. నా దగ్గరకు దగ్గుతో వచ్చినవారిలో సిగరెట్ మానండి అన్న మాట తప్ప ఎలా మానాలో ఎవరూ చెప్పనివారే ఎక్కువ.

గౌతమీతీరం, ఏడు వారాల తరువాత:

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే పాడ్ పరికరం, 50/50 పాళ్లలో 20 మి.గ్రా. సాల్ట్ ద్రవం కొని, ఒక సోమవారం సెలవు చూసుకుని మొదలుపెట్టాను. ఫార్మసిస్టు గారి మాట మీద మా ఊళ్లోని పొగ మాన్పించే కేంద్రానికి కూడా వెళ్లాను. అక్కడ ఊదించే యంత్రంలో మొదటి రోజు నా ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ 22 చూపించింది. పొగ తాగనివారికి అది పది లోపు ఉంటుందట. రెండో వారం వెళ్లినప్పుడు 3 వచ్చింది. ఆ అంకె చూశాక కలిగిన ధైర్యం మరే మాటతోనూ కలగలేదు.

తొమ్మిదో రోజు రాత్రి షిఫ్టులో మాత్రం రెండు సిగరెట్లు కాల్చాను. ఆ రోజు వేప్ ఛార్జింగ్ అయిపోయింది, జేబులో మరేమీ లేదు. దాని తరువాత సంచిలో గమ్ పెట్టుకోవడం, విరామంలో బయటి గుంపు దగ్గరకు కాక క్యాంటీన్ వైపు నడవడం అలవాటు చేసుకున్నాను. కాఫీ సంగతి అక్షరాలా నిజం. నాలుగు రోజులు చేతులు వణికితే జ్వరమేమో అనుకున్నాను, కాఫీ రెండుకు తగ్గించగానే సర్దుకుంది. విశాఖవాసి గారు చెప్పిన పది నిమిషాలు ఓపిక పట్టలేక ఒక కాయిల్ మాడ్చుకున్నాను, మళ్లీ ఆ పని చేయలేదు.

జనవరి 28న బయలుదేరుతున్నాను. పరికరం, సీసాలు బీరువా పై అరలో తాళంలో ఉంటాయి. ప్యాచ్‌లు కొన్నాను, అలవాటు పడడానికి ప్రయాణానికి మూడు రోజుల ముందే వేప్ ఆపి వాటికి మారదామనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. నిన్న ప్రయత్నంగా ఒకటి వేసుకుని పడుకుంటే రాత్రంతా విచిత్రమైన కలలు వచ్చాయి. ఇది మామూలేనా?

ఔషధశాల:

మామూలే, భయపడనవసరం లేదు. 24 గంటల ప్యాచ్ రాత్రి కూడా నికోటిన్ ఇస్తూనే ఉంటుంది కాబట్టి కొందరికి అలా కలలు వస్తాయి. పడుకునే ముందు దాన్ని తీసేసి, ఉదయం లేవగానే వేరే చోట, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద కొత్తది వేసుకోండి. అయితే మీకు లేవగానే యావ ఎక్కువ, కొత్త ప్యాచ్ పట్టుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ మధ్యలో నమలడానికి ఒక గమ్ మంచం పక్కనే పెట్టుకుని పడుకోండి.